20వ శతాబ్దపు బ్రిటిష్ నటులు, హాస్యనటులు: తరచుగా అడిగే ప్రశ్నలు

చాప్లిన్ నుంచి మిస్టర్ బీన్ దాకా మనవాళ్లకు వచ్చే సందేహాలు ఏళ్ల తరబడి దాదాపు అవే. వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. జవాబుల్లో జీతాలు, ఒప్పందాలు, లైసెన్సుల గొడవ కాస్త ఎక్కువే కనిపిస్తుంది. ఒకడు మూగగా ఎందుకు నటించాడు, ఇంకొకడు అమెరికా ఎందుకు వెళ్లాడు అని ఆరా తీస్తే కారణం చాలాసార్లు అక్కడే బయటపడుతుంది.

## మ్యూజిక్ హాల్ రోజులు

మ్యూజిక్ హాల్ అంటే పాటకచ్చేరీ జరిగే హాలా?

పాట ఉండేది, కానీ కచ్చేరీ కాదు. ఒకే సాయంత్రం గాయని, గారడీవాడు, దొమ్మరి విద్యలవాళ్లు, బొమ్మతో మాట్లాడేవాడు, కమెడియన్ వరసగా వచ్చి తలా కొన్ని నిమిషాలు ఆడి వెళ్లిపోయేవారు. 19వ శతాబ్దంలో పబ్బులను ఆనుకున్న గదుల్లో ఇది పుట్టింది. తర్వాత పెద్ద పెద్ద హాళ్లు కట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ‘వెరైటీ’ అనే పేరు స్థిరపడింది. చాలా ఊళ్లలో రాత్రికి రెండు ఆటలు.

ఈ రంగంలో పెద్ద పేరు మేరీ లాయిడ్. 1907లో చిన్న కళాకారులు జీతాల కోసం, జీతం లేని అదనపు ఆటలకు వ్యతిరేకంగా సమ్మె చేస్తే, తనకు ఏ లోటూ లేకపోయినా వాళ్ల పక్కన నిలబడింది. 1912లో రాజుగారి ముందు జరిగిన మొదటి ప్రత్యేక ప్రదర్శనకు ఆమెను పిలవలేదు.

చాప్లిన్ మాటల్లేకుండా నటించడం మూకీ సినిమాల వల్లే వచ్చిందా?

అంతకంటే ముందే వచ్చింది. అప్పటి బ్రిటన్‌లో మాటలతో నాటకం ఆడాలంటే థియేటర్ లైసెన్సు ఉండాలి. మ్యూజిక్ హాళ్లకు ఉన్నవి పాటకూ ఆటకూ ఇచ్చే లైసెన్సులు. సంభాషణలతో స్కెచ్ వేస్తే కేసులు, జరిమానాలు. ఫ్రెడ్ కార్నో అనే కంపెనీ యజమాని దీనికి తేలికైన ఉపాయం కనిపెట్టాడు: మాటలే తీసేశాడు. కథంతా పడటం, తన్నడం, తడబడటం, సమయానికి ఆగడం.

చాప్లిన్ 1908లో ఈ కంపెనీలో చేరాడు. హాల్లో కూర్చుని స్టేజి మీది కళాకారులను ఏడిపించే తాగుబోతు వేషం అతనికి పేరు తెచ్చింది. 1913 చివర్లో సినిమా స్టూడియోలో అడుగుపెట్టే నాటికి అతనికి ఆ విద్యలో అయిదేళ్ల అభ్యాసం ఉంది. పక్కనున్న అమెరికన్ నటులు పరిగెత్తి నవ్విస్తుంటే, అతను ఆగి నవ్వించాడు.

చాప్లిన్ బ్రిటిషర్ కదా, మరి అమెరికన్ అని ఎందుకు రాస్తారు?

పొరపాటున. 1889లో లండన్‌లో పుట్టాడు. నలభై ఏళ్లు అమెరికాలో ఉన్నా అక్కడి పౌరసత్వం ఒక్కనాడూ తీసుకోలేదు. ఆ కారణంగానే 1952లో సినిమా విడుదలకు ఓడలో లండన్ బయల్దేరాక, అమెరికా ప్రభుత్వం అతను మళ్లీ దేశంలోకి వచ్చే అనుమతిని సులువుగా రద్దు చేయగలిగింది. రాజకీయ అనుమానాలు దీని వెనుక ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లో స్థిరపడ్డాడు. 1972లో గౌరవ ఆస్కార్ అందుకోవడానికి ఒకసారి అమెరికా వెళ్లాడు. 1975లో సర్ బిరుదు వచ్చింది. 1977 క్రిస్మస్ రోజున పోయాడు.

రెండు మూడేళ్లలో చాప్లిన్ జీతం అంతలా ఎలా పెరిగింది?

1914లో కీస్టోన్ అనే సినిమా కంపెనీలో వారానికి 150 డాలర్లు. 1915లో ఎస్సనేలో 1,250. 1916లో మ్యూచువల్‌లో వారానికి 10,000, సంతకం పెట్టినందుకు విడిగా 1,50,000. స్టేజి నటుడు ఒక రాత్రి ఒక హాలునే నింపగలడు. సినిమా కాపీలు వందల ఊళ్లలో ఒకే రాత్రి ఆడతాయి. థియేటర్లవాళ్లు కంపెనీ పేరు వదిలేసి చాప్లిన్ పేరు అడగడం మొదలుపెట్టారు. అతను ఒప్పందాలను ఏడాదికి మించనివ్వలేదు కాబట్టి ప్రతిసారీ కొత్త ధర చెప్పుకునే వీలు దొరికింది.

లారెల్, హార్డీల్లో బ్రిటిష్ వాడెవరు?

సన్నటివాడు. స్టాన్ లారెల్ అసలు పేరు ఆర్థర్ స్టాన్లీ జెఫర్సన్, 1890లో ఉల్వర్‌స్టన్‌లో పుట్టాడు. తండ్రి థియేటర్ మేనేజర్. కార్నో కంపెనీలో చాప్లిన్‌కు బదులు నటుడిగా ఉండి, 1910లో అదే బృందంతో అమెరికా వెళ్లాడు. లావాటి ఆలివర్ హార్డీ అమెరికన్.

తెర మీద అమాయకుడు లారెల్. తెర వెనుక జోకుల అల్లిక, ఎడిటింగ్ చాలావరకు అతనే చూసేవాడు కాబట్టి జీతం హార్డీ కంటే బాగా ఎక్కువ. దీనిమీద హార్డీకి పేచీ లేదు, షూటింగ్ అయ్యాక అతనికి గోల్ఫ్ ముఖ్యం. అసలు చిక్కు నిర్మాత హాల్ రోచ్ ఇద్దరి ఒప్పందాలనూ వేర్వేరు తేదీల్లో ముగిసేలా ఉంచడంలో ఉంది. ఇద్దరూ కలిసి బేరమాడే అవకాశం అందుకే రాలేదు.

గాంధీగారు చాప్లిన్‌ను నిజంగా కలిశారా?

కలిశారు. 1931 సెప్టెంబర్ 22న, రౌండ్ టేబుల్ సమావేశం కోసం గాంధీజీ లండన్‌లో ఉన్నప్పుడు, క్యానింగ్ టౌన్‌లో డాక్టర్ కతియాల్ ఇంట్లో. ఆ సందర్భపు ఫొటోల్లో మన హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు కూడా కనిపిస్తారు. యంత్రాలంటే మీకెందుకు పడదని చాప్లిన్ అడిగాడు. యంత్రాలే భారతదేశాన్ని ఇంగ్లండ్ మీద ఆధారపడేలా చేశాయన్నది గాంధీజీ జవాబు సారం.

## టూర్లు, యుద్ధం

టూరులో ఉన్న కమెడియన్ వారం ఎలా గడిచేది?

ఆదివారం రైలు. దేశం నలుమూలల నుంచీ వచ్చే కళాకారులు క్రూ జంక్షన్‌లో బండ్లు మారుతూ ఒకరికొకరు తారసపడేవారు. కొత్త ఊళ్లో, నాటకాలవాళ్లకు గదులద్దెకిచ్చే ఇంటావిడ దగ్గర బస, భోజనం.

సోమవారం పొద్దున బ్యాండుతో రిహార్సల్. ఎవరి స్వరలిపి కాగితాలు వాళ్లు స్టేజి అంచున వరసగా పెట్టాలి. ముందు పెట్టినవాళ్లకు ముందు పిలుపు. ఇద్దరు గాయకులు ఒకే పాట తెస్తే, ముందు కాగితం పెట్టినవారిదే ఆ పాట. రెండోవాళ్లు వేరే పాట వెతుక్కోవాలి. అందుకే తెలిసినవాళ్లు తెల్లారగానే థియేటర్ తలుపు దగ్గర ఉండేవారు.

సోమవారం నుంచి శనివారం దాకా రాత్రికి రెండు, మొత్తం పన్నెండు ఆటలు. కమెడియన్ చాలాసార్లు ముందు తెర బయట ఒంటరిగా నిలబడి ఆడేవాడు, ఎందుకంటే ఆ నిమిషాల్లోనే తెర వెనుక తర్వాతి అంశానికి సెట్టింగు మార్చేవారు. అతను నిమిషం ముందు ముగిస్తే తెర వెనుక గందరగోళం, నిమిషం ఆలస్యమైతే రెండో ఆట ఆలస్యం. జీతంలో ఏజెంటుకు పది శాతం పోయేది. రైలు ఛార్జీ, బస ఖర్చు కూడా పోగా మిగిలిందే చేతికి.

అన్ని ఊళ్లూ ఒకలా నవ్వవు. గ్లాస్గో ఎంపైర్ థియేటర్‌కు ఇంగ్లిష్ కమెడియన్ల శ్మశానమని పేరు. శుక్రవారం రాత్రి రెండో ఆట అక్కడ మరీ గడ్డు.

ఒకే పది నిమిషాల ఐటంతో ఇరవై ఏళ్లు ఎలా బతికారు?

ఒక ఊరికి వెళ్లినవాడు మళ్లీ అక్కడికి రావడానికి ఏడాది పట్టేది. ప్రేక్షకులు పాత జోకు మరిచిపోయేవారు, లేదా అదే జోకు కోసం ఎదురుచూసేవారు. ఐటం మార్చాల్సిన పనే లేదు. మార్చకపోవడం వల్ల ప్రతి విరామం, ప్రతి చూపు ఏటేటా పదును తేలేది. మన సురభి వాళ్లు తరతరాలుగా అవే నాటకాలు ఆడినట్టే అనుకోండి.

టీవీ దీన్ని ఒక్క దెబ్బతో మార్చేసింది. ఇరవై ఏళ్లు నడిచిన పది నిమిషాలను ఒక్క ఆదివారం రాత్రి దేశమంతా చూసేసింది. సోమవారానికి అతని దగ్గర ఏమీ మిగల్లేదు. 1950ల చివర్లో వెరైటీ హాళ్లు వరసగా మూతపడినప్పుడు చాలామంది దెబ్బతిన్నది ప్రతిభ లేక కాదు, సొంతంగా రాసుకునే అలవాటు లేక, రాసిపెట్టే రచయిత దొరక్క.

యుద్ధం అయ్యాక ఒక్కసారిగా అంతమంది కమెడియన్లు ఎక్కడి నుంచి వచ్చారు?

సైన్యం నుంచి. 1939లో ఏర్పడ్డ ‘ఎన్సా’ సంస్థ సైనికులకు వినోద ప్రదర్శనలు ఇచ్చేది. దాని మీద సైనికులే జోకులు వేసేవారు. దీనికి తోడు ప్రతి దళంలో సొంత బృందాలుండేవి. పీటర్ సెల్లర్స్ వైమానిక దళపు బృందంతో భారత్, సిలోన్, బర్మా తిరిగాడు. కెన్నెత్ విలియమ్స్ సింగపూర్‌లో సైనిక ప్రదర్శనల్లో తేలాడు. మామూలుగా అయితే స్టేజి ఎక్కే దారే లేని కుర్రాళ్లకు జీతమిచ్చి మరీ నేర్పినట్టయింది.

1946 తర్వాత వీళ్లలో చాలామంది లండన్‌లో విండ్‌మిల్ థియేటర్‌కు చేరారు. అక్కడ రోజుకు ఆరు ఆటలు. ప్రేక్షకులు వచ్చేది కదలకుండా నిలబడే నగ్న భామల కోసం (కదిలితే సెన్సారు ఒప్పుకోదు), కమెడియన్ కోసం కాదు. అతను వచ్చేసరికి పేపరు విప్పి చదువుకునేవారు, ముందు వరస ఖాళీ అయితే కుర్చీల మీంచి దూకి వచ్చేవారు. అలాంటివాళ్లను నవ్వించగలిగిన వాడికి తర్వాత ఏ హాలూ భయం పుట్టించలేదు. సెల్లర్స్, హ్యారీ సీకాంబ్, టోనీ హాన్‌కాక్, బ్రూస్ ఫోర్సైత్ అందరూ ఆ గడప తొక్కినవాళ్లే.

గాయని గ్రేసీ ఫీల్డ్స్ యుద్ధంలో దేశం వదిలి పారిపోయిందా?

పత్రికలు అలా రాశాయి. ఆమె భర్త మాంటీ బ్యాంక్స్ ఇటలీ పౌరుడు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో బ్రిటన్‌లో ఉంటే అతన్ని నిర్బంధిస్తారు. ఇద్దరూ ఉత్తర అమెరికా వెళ్లారు. అక్కడ ఆమె యుద్ధ నిధుల కోసం పాడింది, తర్వాత సైనికుల ముందు పాడటానికి తిరిగొచ్చింది కూడా. అయినా మచ్చ పూర్తిగా పోలేదు. డేమ్ బిరుదు (ఆడవాళ్లకు ఇది సర్‌తో సమానం) 1979లో, చనిపోయిన ఏడాదిలోనే వచ్చింది.

## రేడియో

బీబీసీలో ఎలాంటి జోకులు వేయకూడదు?

1948లో బీబీసీ తన వినోద విభాగానికి ఒక నియమావళి ఇచ్చింది. మరుగుదొడ్లు, మగవాళ్ల ఆడంగితనం, ఆడవాళ్ల లోదుస్తులు, కొత్త దంపతుల హనీమూన్, హోటల్లో గదులు శుభ్రం చేసే అమ్మాయిలు, కుందేళ్ల సంతానం: వీటిమీద జోకులు నిషేధం. ఫలితం తమాషాగా వచ్చింది. నిషేధించిన మాట పలకకుండా దాని పక్కనుంచి వెళ్లడం ఒక కళగా మారింది. శ్రోతే లోపల పూరించుకునేవాడు, తప్పు అతని మనసుదే అయ్యేది.

కమెడియన్ స్పైక్ మిలిగన్ ఇండియాలో పుట్టాడట, నిజమేనా?

నిజమే. 1918లో మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్‌లో. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో ఉద్యోగి. బాల్యం పుణె, రంగూన్‌లలో గడిచింది. యుద్ధంలో ఇటలీలో గాయపడ్డాడు, ఆ మానసిక దెబ్బ జీవితాంతం వెంటాడింది.

ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. సినిమా తార వివియన్ లీ 1913లో డార్జిలింగ్‌లో పుట్టింది. ఇంకో తార మెర్ల్ ఒబెరాన్ పుట్టింది బొంబాయిలో. కానీ ఆ సంగతి తెలిస్తే వేషాలు రావన్న భయంతో టాస్మానియాలో పుట్టానని చెప్పుకుంది.

మిలిగన్, సెల్లర్స్, సీకాంబ్‌ల రేడియో కామెడీ గూన్ షో వింటే ఏమీ అర్థం కావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

1951లో మొదలైన తొలి సిరీస్‌లతో మొదలుపెట్టకండి. అప్పటికి అది ముక్కలు ముక్కలుగా ఉండే షో. 1954లో వచ్చిన అయిదో సిరీస్ నుంచి వినండి, అక్కడి నుంచి ప్రతి ఎపిసోడ్‌కూ ఒక కథ ఉంటుంది. మధ్యలో రెండుసార్లు సంగీతం వస్తుంది: మాక్స్ గెల్‌డ్రే మౌతార్గాన్, రే ఎల్లింగ్టన్ బృందం పాట. దానికీ కథకూ సంబంధం లేదు, వెతకొద్దు.

గొంతులు పట్టుకోవడం రెండో మెట్టు. సీకాంబ్ ఎక్కువగా ఒకే మనిషి, నెడ్డీ సీగూన్. మిగతా అరడజను గొంతులూ సెల్లర్స్, మిలిగన్ ఇద్దరివే. మొదటిసారి కథ కోసం, రెండోసారి శబ్దాల కోసం వినండి. తలుపు చప్పుడు, అడుగుల చప్పుడు కూడా ఇందులో జోకులే.

పీటర్ సెల్లర్స్ ఫోన్‌లో మోసం చేసి బీబీసీలో దూరాడా?

దాదాపు అంతే. 1948లో నిర్మాత రాయ్ స్పీర్‌కు ఫోన్ చేసి, అప్పటి రేడియో తార కెన్నెత్ హార్న్ గొంతుతో ‘సెల్లర్స్ అనే కుర్రాడున్నాడు, చూడండి’ అని సిఫారసు చేశాడు. తర్వాత నిజం ఒప్పుకున్నాడు. అనుకరణ ఎంత బాగుందో అప్పటికే రుజువైపోయింది కాబట్టి అవకాశం దక్కింది.

## సినిమా

అప్పట్లో నటుడు కావాలంటే ఏ దారిలో వెళ్లేవారు?

1904లో మొదలైన రాడా లాంటి నాటక పాఠశాల ఒక దారి. ఊరూరా ఉండే రెపర్టరీ కంపెనీ ఇంకో దారి. వారానికో నాటకం వేసే వీక్లీ రెప్‌లో రాత్రి ఈ వారం నాటకం ఆడుతూ, పగలు వచ్చే వారం నాటకం రిహార్సల్ చేస్తూ, పోయిన వారం నాటకాన్ని మరిచిపోవాలి. బండ చాకిరీ. అయితే అప్పటి నటుల జ్ఞాపకశక్తి అక్కడ తయారైందే.

నటుల సంఘం ఈక్విటీలో సభ్యత్వం అప్పట్లో తప్పనిసరి. ఒకే పేరుతో ఇద్దరు సభ్యులుండటానికి వీల్లేదు. జేమ్స్ స్టువర్ట్ అనే బ్రిటిష్ నటుడు, హాలీవుడ్‌లో ఆ పేరు అప్పటికే వెలుగుతుండటంతో స్టువర్ట్ గ్రేంజర్ అయ్యాడు. మారిస్ మిక్కిల్‌వైట్, థియేటర్ మీద కనిపించిన సినిమా పేరులోంచి ‘కేన్’ తీసుకుని మైకేల్ కేన్ అయ్యాడు.

‘కైండ్ హార్ట్స్ అండ్ కొరొనెట్స్’ సినిమాలో అలెక్ గిన్నిస్ వేసిన ఎనిమిది వేషాల్లో ఆరింటిని ఒకే ఫ్రేములో ఎలా చూపించారు?

ద్విపాత్రాభినయం మనకు కొత్త కాదు గానీ ఇది 1949 నాటి పని. కుటుంబసభ్యుల్లో ఆరుగురు చర్చిలో ఒకే షాట్‌లో కనిపించాలి. ఛాయాగ్రాహకుడు డగ్లస్ స్లోకంబ్ కెమెరాను నేలకు బిగించి, లెన్సు ముందు ఒక్కో భాగాన్నే తెరిచే మూతలు పెట్టాడు. గిన్నిస్ ఒక వేషంలో కూర్చుంటాడు, ఆ భాగం మాత్రం చిత్రిస్తారు. ఫిల్మును వెనక్కి తిప్పి, మేకప్ మార్చి, పక్క కుర్చీలో మళ్లీ. కెమెరా వెంట్రుకవాసి కదిలినా మొత్తం పాడైనట్టే. ఎవరూ తగలకుండా స్లోకంబ్ రాత్రి కెమెరా పక్కనే పడుకున్నాడు.

క్యారీ ఆన్ కామెడీ సినిమాలు అంత ఆడాయి కదా, నటులు ధనవంతులు అయ్యారా?

కాలేదు. 1958 నుంచి 1978 దాకా పైన్‌వుడ్ స్టూడియోలో 30 సినిమాలు వచ్చాయి. ప్రధాన నటులకు సినిమాకు 5,000 పౌండ్లు, ప్రధాన నటీమణులకు 2,500. ఏళ్లు గడిచినా పెద్దగా పెరగలేదు. లాభాల్లో వాటా లేదు, టీవీలో ఎన్నిసార్లు వేసినా పైసా రాదు. నిర్మాత పీటర్ రోజర్స్ దృష్టిలో స్టార్ ‘క్యారీ ఆన్’ అన్న పేరే, నటులు కాదు.

పొదుపు అన్నింట్లోనూ. ఖైబర్ కనుమ పేరుతో చూపించింది వేల్స్ కొండలు. వేసవి శిబిరం కథను అక్టోబర్, నవంబర్ చలిలో తీశారు, బురదకు ఆకుపచ్చ రంగు కొట్టి గడ్డి అనిపించారు. బికినీల్లో ఉన్నవాళ్ల వణుకును గమనించి చూడండి.

తెల్లవాళ్లు ఇండియన్ వేషాలు వేసిన కామెడీలు ఇప్పుడు చూడొచ్చా?

చూడండి, కానీ ఏమి చూస్తున్నారో తెలిసి చూడండి. సెల్లర్స్ 1960లో భారతీయ డాక్టరుగా, 1968లో బక్షీ అనే నటుడిగా ముఖానికి రంగు పూసుకుని చేశాడు. 1984లో గిన్నిస్ ప్రొఫెసర్ గోడ్బోలేగా చేశాడు. దేవలాలీ సైనిక శిబిరం మీద 1974లో మొదలైన టీవీ కామెడీలో రంగీరామ్‌గా మైకేల్ బేట్స్ చేశాడు. అతను పుట్టింది ఝాన్సీలోనే, హిందుస్తానీ వచ్చు.

మా అభిప్రాయం: బక్షీ పాత్రలో సెల్లర్స్ దేహభాష గొప్పది, ఆ యాస మాత్రం చవకబారుది. 1984 నాటికి సయీద్ జాఫ్రీ లాంటివాళ్లు బ్రిటన్‌లోనే పేరు తెచ్చుకున్నారు, కాబట్టి నటులు దొరకలేదన్న సాకు గిన్నిస్ విషయంలో చెల్లదు.

## టీవీ

టోనీ హాన్‌కాక్ చూపు ఎప్పుడూ పక్కకే ఎందుకు ఉంటుంది?

ఎప్పుడూ కాదు, 1961లో వచ్చిన రక్తదానం ఎపిసోడ్ నుంచి. అంతకుముందు కారు ప్రమాదం జరిగి మాటలు కంఠస్థం చేసే వీలు లేకపోయింది. తెర పక్కన సంభాషణలు చూపించే యంత్రం పెట్టారు. ఒకసారి అలవాటయ్యాక అది వదల్లేదు.

అదే ఏడాది రచయితలు గాల్టన్, సింప్సన్‌లను వదిలేశాడు. సహనటుడు సిడ్ జేమ్స్‌ను అంతకుముందే తప్పించాడు. ఆ రచయితలిద్దరూ 1962లో ఇంకో గొప్ప సిరీస్ సృష్టించారు. హాన్‌కాక్ కోలుకోలేదు. 1968లో సిడ్నీలో, 44 ఏళ్లకు ఆత్మహత్య చేసుకున్నాడు.

పాత షోల ఎపిసోడ్లు కొన్ని ఎక్కడా దొరకవు. ఎందుకు?

చెరిపేశారు. రెండంగుళాల వీడియోటేపు ఖరీదైనది, మళ్లీ వాడుకోవచ్చు. నటుల సంఘంతో ఒప్పందాల వల్ల పునఃప్రసారాలకు పరిమితి ఉండేది. ఇంట్లో వీడియో అన్న మాటే లేదు. రంగుల ప్రసారం వచ్చాక నలుపు తెలుపు టేపులు దండగ అనిపించాయి. 1978 దాకా ఇదే తంతు. డాడ్స్ ఆర్మీ అనే కామెడీ రెండో సిరీస్‌లో మూడు ఎపిసోడ్లు ఇప్పటికీ దొరకలేదు.

బ్రిటిష్ కామెడీ సిరీస్‌లు పట్టుమని పది ఎపిసోడ్లు కూడా ఉండవేం?

ఒకరో ఇద్దరో కూర్చుని మొత్తం రాస్తారు, అందుకే సిరీస్‌కు ఆరు లేదా ఏడు. ఫాల్టీ టవర్స్ 1975లో ఆరు, 1979లో ఆరు, అంతే. జాన్ క్లీజ్, కోనీ బూత్ కలిసి ఒక్కో కథ మీద వారాల తరబడి పనిచేశారు.

మిస్టర్ బీన్ నిజంగా ఇంజనీరా?

ఆ వేషం వేసిన రోవన్ అట్కిన్సన్ న్యూకాసిల్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో మాస్టర్స్ చేశాడు. స్టేజి పిచ్చి అక్కడే ముదిరింది. నత్తి ఉంది, వేషంలో ఉన్నప్పుడు చాలావరకు తగ్గుతుందని తనే చెప్పాడు. మిస్టర్ బీన్ 1990 జనవరి 1న మొదలైంది, మొత్తం 15 ఎపిసోడ్లే. మాటలు దాదాపు లేవు కాబట్టి డబ్బింగ్ అవసరం లేకుండా దేశదేశాలకూ వెళ్లింది.

కమెడియన్ టామీ కూపర్ స్టేజి మీదే చనిపోయాడా?

అవును, 1984 ఏప్రిల్ 15న, టీవీలో ప్రత్యక్ష ప్రసారం జరుగుతుండగా. పడిపోవడం కూడా ఐటమే అనుకుని జనం నవ్వారు. సిడ్ జేమ్స్ 1976లో సండర్లాండ్ ఎంపైర్‌లో నాటకం మధ్యలో కుప్పకూలాడు. ఇంకో కమెడియన్ ఎరిక్ మోర్‌కాంబ్ 1984 మే నెలలో ట్యూక్స్‌బరీలో ప్రదర్శన ముగించి తెర పక్కకు రాగానే పడిపోయాడు.

## చదివేటప్పుడు, రాసేటప్పుడు

పాత జీతాల్లో షిల్లింగులు, గినీలు ఎలా లెక్కపెట్టాలి?

1971 ఫిబ్రవరి 15కు ముందు పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. గినీ అంటే 21 షిల్లింగులు. కార్నో చాప్లిన్‌కు మొదట ఇచ్చింది వారానికి 3 పౌండ్ల 10 షిల్లింగులు. దీన్ని 3.10 అని రాస్తే తప్పు, 3.50 అవుతుంది.

సర్ గిన్నిస్ అనాలా, సర్ అలెక్ అనాలా?

సర్ అలెక్, లేదా సర్ అలెక్ గిన్నిస్. ఇంటిపేరు ముందు నేరుగా సర్ రాదు. డేమ్‌కు కూడా ఇదే నియమం: డేమ్ గ్రేసీ. మిలిగన్ ఐర్లండ్ పౌరుడు కాబట్టి అతనికిచ్చింది గౌరవ బిరుదు, పేరు ముందు సర్ రాయకూడదు.